నంబర్ మీద నొక్కితే రైతుకు ఫోన్ పోవాలి

"అన్నా, కంప్యూటర్లో నంబర్ మీద నొక్కితే కొంతమందికి పోతోంది, కొంతమందికి పోవడం లేదు. పోనివాళ్లకు ఇంగ్లీషులో ఏదో చెప్పి కట్ అయిపోతోంది. ఒకసారి వచ్చి చూడండన్నా" అని సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఫోన్ వచ్చింది. డ్రిప్ సామాన్లు అమ్మే ఆఫీసు అది. ఫోన్ చేసింది ముందు టేబుల్ దగ్గర కూర్చునే అమ్మాయి. గొంతులో టెన్షన్ తెలుస్తోంది. అప్పటికే సీజన్ మొదలైంది. చీనీ (బత్తాయి) తోటల వాళ్లు ఫిల్టర్లు, లేటరల్ పైపుల కోసం అడుగుతున్నారు. సబ్సిడీ ఫైలు ఎంతవరకు వచ్చిందో చెప్పమని ఇంకొందరు. పన్నెండు మంది అమ్మాయిలు రోజంతా రైతులకు ఫోన్లు చేస్తూనే ఉంటారక్కడ.

నేను అనంతపురంలో ఇరవై రెండేళ్లుగా ఆఫీసు ఫోన్ల పని చేస్తున్నాను. మొదట్లో ఆఫీసు లోపలి ఫోన్లన్నిటినీ కలిపే ఈపీఏబీఎక్స్ డబ్బాను గోడకు బిగించడం, తీగలు కలిపే క్రోన్ మాడ్యూల్‌లో తీగలు జతలు జతలుగా గుచ్చడం, ఎక్స్‌టెన్షన్ చచ్చిపోతే టెస్టర్ ఫోన్ పట్టుకుని కేబుల్ వెంట పోవడం. ఇప్పుడు సగం పని ల్యాప్‌టాప్ మీదే. ఫోన్‌కు టెలిఫోన్ తీగ లేదు, నెట్‌వర్క్ కేబుల్ ఒక్కటే. కానీ జబ్బు మాత్రం మారలేదు. నంబర్ ఎవరికి చేరాలో వాళ్లకు చేరకపోవడం, అంతే.

ఆ ఆఫీసుకు కొత్త సిస్టమ్ పెట్టింది బెంగళూరు వాళ్లు. దూరం నుంచే సెట్టింగులు చేశారు. ఫోన్లు బిగించడం, నెట్‌వర్క్ స్విచ్, కేబుళ్లు నా పని. కాబట్టి డయలింగ్ రూల్స్ నేను రాసినవి కావు. అయినా ఊళ్లో ఉన్నది నేనే కదా, పిలిస్తే పోవాలి.

నేను వెళ్లేసరికి ఆ అమ్మాయి ఒక చిత్తు పుస్తకంలో స్క్రీన్ మీది నంబర్ రాసుకుని, ఆ పుస్తకం చూస్తూ ఫోన్ మీద అంకెలు నొక్కుతోంది. పక్క అమ్మాయి కూడా అంతే. "చేత్తో కొడితే పోతోందన్నా, మౌస్‌తో నొక్కితేనే పోవడం లేదు" అంది. ఈ ఒక్క మాటతో సగం రోగం తెలిసిపోయింది. లైన్ బాగుంది, ఫోన్ బాగుంది, రైతు నంబర్ బాగుంది. మధ్యలో ఉన్న రూల్స్ బాగాలేవు.

క్లిక్ టు కాల్ అంటే లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఈ మాట అర్థమవుతుంది. స్క్రీన్ మీద నంబర్ నొక్కగానే మన సాఫ్ట్‌వేర్ ఆ అంకెలను ఫోన్ సర్వర్‌కు పంపిస్తుంది. సర్వర్ ముందు ఆ అమ్మాయి టేబుల్ మీది ఫోన్ మోగిస్తుంది. ఆమె ఎత్తాక రెండో కాల్ రైతుకు చేసి, ఇద్దరినీ కలుపుతుంది. ఒక సంభాషణకు రెండు కాల్స్. ఈ రెండో కాల్‌కు ఏ అంకెలు పంపాలో చెప్పేవే డయలింగ్ రూల్స్.

చేత్తో కొట్టేటప్పుడు ఈ రూల్స్ మనిషి బుర్రలో ఉంటాయి. స్క్రీన్ మీద ప్లస్ 91 అని ఉంటే ఆ అమ్మాయి దాన్ని వదిలేసి పది అంకెలు కొడుతుంది. మధ్యలో గీత ఉంటే పట్టించుకోదు. ఆరంకెల ల్యాండ్‌లైన్ కనిపిస్తే ఏ ఊరో చూసి ఎస్‌టీడీ కోడ్ కలుపుతుంది. ఎవరూ నేర్పలేదు ఆమెకు, అలవాటుగా వచ్చింది. మౌస్‌తో నొక్కినప్పుడు ఆ అలవాటు మధ్యలో ఉండదు. కాబట్టి డయలింగ్ రూల్స్ రాయడమంటే ఆ అమ్మాయికి తెలిసిన సంగతులన్నీ ఒక్కటీ పోకుండా సర్వర్‌కు చెప్పడం. నేను ఎక్కడికి పోయినా ముందు మాన్యువల్ తెరవను. ఆపరేటర్ పక్కన కుర్చీ వేసుకుని అరగంట కూర్చుంటాను. ఆమె ఏ నంబర్ చూసి ఏం కొడుతోందో రాసుకుంటాను. రూల్స్ అక్కడే దొరుకుతాయి.

ఇంకో సంగతి. చాలా సిస్టమ్స్‌లో చేత్తో కొట్టిన అంకెలకు ఒక పట్టిక, క్లిక్ చేసిన నంబర్లకు వేరే పట్టిక ఉంటాయి. సిస్కో వాళ్ల సిస్టమ్‌లో దీన్ని అప్లికేషన్ డయల్ రూల్స్ అంటారు. అందులో ప్రతి రూల్‌కూ నాలుగు గడులు: నంబర్ ఏ అంకెలతో మొదలవ్వాలి, మొత్తం ఎన్ని అంకెలుండాలి, ముందు నుంచి ఎన్ని తీసేయాలి, ముందు ఏం చేర్చాలి. ఆ నాలుగు గడులే మొత్తం విద్య. కంపెనీ ఏదైనా, పేర్లు ఏవైనా, అడిగేది ఇవే నాలుగు. ఈ ఆఫీసులో ఫోన్ మీద కొట్టే పట్టిక బాగుంది, క్లిక్ పట్టిక చెడింది.

శనివారం జరిగిన మొదటి గొడవ తొమ్మిదితో. బెంగళూరు వాళ్లు ఎక్కడిదో తయారుగా ఉన్న సెట్టింగు తెచ్చి పెట్టేశారు. అందులో బయటి లైన్‌కు 9 నొక్కాలి. అంటే సర్వర్ ముందున్న 9ని తీసేసి మిగతా అంకెలు లైన్ మీదికి పంపుతుంది. కానీ రైతుల జాబితాలోని నంబర్లకు ఎవరూ అదనంగా 9 చేర్చలేదు. దాంతో 9తో మొదలయ్యే ప్రతి మొబైల్ నంబర్ మొదటి అంకె పోగొట్టుకుని తొమ్మిదంకెలతో బయటికి పోయింది. 6, 7, 8తో మొదలయ్యే నంబర్లు మాత్రం చక్కగా కలిశాయి. శనివారం కొంతమందికి పోయి, కొంతమందికి పోకపోవడం వెనక ఉన్నది ఇదే. మన దేశంలో మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతోనే మొదలవుతాయి. పాత నంబర్లు ఎక్కువగా 9వి. మార్చకుండా ఏళ్ల తరబడి ఒకే నంబర్ పెట్టుకున్న పెద్ద రైతులకే ఫోన్ పోలేదన్నమాట.

శనివారం సాయంత్రం ఎవరో ఫోన్‌లో చెప్పగా 9 తీసేసి, పదంకెలున్న ప్రతి నంబర్ ముందు 0 చేర్చే రూల్ పెట్టారు. ఆ రూల్ పెట్టినవాళ్ల ఆలోచన తప్పు కాదు. 2021 జనవరి 15 నుంచి మన దేశంలో ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేయాలంటే ముందు 0 కొట్టాలి. అంతకు ముందు సొంత సర్కిల్‌లోని మొబైల్‌కు 0 అక్కర్లేదు. ఆ రోజు నుంచి మా పాత కస్టమర్లలో ఎందరో "లైన్ చెడిపోయింది" అని పిలిచారు, నేను పోయి సున్నా చేర్చి వచ్చాను. కాబట్టి 0 చేర్చడం సరే. కానీ ఇక్కడ సిప్ ట్రంక్ (ఇంటర్నెట్ మీదుగా ఫోన్ కంపెనీకి కలిపే లైన్) వైపు సెట్టింగులో మొబైల్ నంబర్‌కు 0 చేర్చే రూల్ అప్పటికే ఉంది. పదంకెలుగా రాసి ఉన్న మొబైల్ నంబర్లకు ఇక్కడొక సున్నా, అక్కడొక సున్నా. సోమవారం పోనివి ఇవే. రెండు సున్నాలంటే మన దేశంలో ఐఎస్‌డీ, అంటే విదేశానికి కాల్.

సర్వర్ ప్రతి కాల్‌నూ రాసుకునే లాగ్ తెరిచి చూపించాను వాళ్లకు. మా వైపు పాత బీఎస్‌ఎన్‌ఎల్ మొబైల్ నంబర్లు చాలావరకు 9440, 9441తో మొదలవుతాయి. రెండు సున్నాలు తగిలేసరికి అది 0094 అయింది. 94 శ్రీలంక దేశం కోడ్. గార్లదిన్నె రైతుకు చేసిన కాల్ శ్రీలంక తలుపు తట్టింది. 98తో మొదలయ్యే నంబర్ ఇరాన్ వైపు, 95వి మయన్మార్ వైపు, 81వి జపాన్ వైపు. ఐఎస్‌డీ మూసి ఉంది కాబట్టి, ఆ సౌకర్యం లేదని ఇంగ్లీషులో ప్రకటన వచ్చి కట్ అయింది. తెరిచి ఉంటే బిల్లు ఎంత వచ్చేదో! అందుకే ఎవరడిగినా అడక్కపోయినా ఐఎస్‌డీ మూసే ఇస్తాను నేను. విదేశాలకు చేయాల్సిన ఆఫీసైతే ఆ ఒక్క టేబుల్‌కే, ఆ ఒక్క దేశం కోడ్‌కే తెరుస్తాను. ఫోన్ సర్వర్‌లోకి రాత్రిపూట దొంగలు చొరబడి విదేశాలకు కాల్స్ చేసే మోసం ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిందే.

సున్నా చేర్చేది ఒక్కచోటే ఉండాలి. నా పద్ధతిలో అది ట్రంక్ దగ్గర, నంబర్ ఇంటి గడప దాటే చోట. ఎందుకంటే ఏ రూపంలో నంబర్ కావాలో అడిగేది ఆ లైన్ ఇచ్చిన కంపెనీ. ఒకరు 0తో కావాలంటారు, ఒకరు ప్లస్ 91తో, ఇంకొకరు ప్లస్ లేని 91తో. రేపు లైన్ మార్చుకుంటే ట్రంక్ దగ్గరి ఒక్క రూల్ మారిస్తే సరిపోవాలి. లోపల మాత్రం అన్ని నంబర్లూ ఒకే రూపంలో తిరగాలి. ఆ రూపం ప్లస్ 91, తర్వాత పదంకెలు. ఇ.164 అనే అంతర్జాతీయ పద్ధతి ఇదే. దేశం కోడ్‌తో కలిపి 15 అంకెలు దాటకూడదు, అంతే దాని షరతు. వెబ్ పేజీలో నంబర్‌ను నొక్కగలిగే లింకుగా పెట్టే పద్ధతికి కూడా ఒక ప్రమాణం ఉంది, ఇప్పుడున్నది 2004 నాటిది. అందులోనూ ప్లస్‌తో రాయడమే ముఖ్యమైన పద్ధతి. ప్లస్ ఉన్న నంబర్ అనంతపురంలో నొక్కినా, దుబాయ్‌లో ఉన్న మా బావమరిది నొక్కినా అదే మనిషికి పోతుంది.

91 దగ్గర ఒక గుంట ఉంది, అందరూ పడేదే. "91తో మొదలైతే ఆ రెండంకెలూ తీసెయ్" అని రూల్ రాస్తారు. కానీ 91తో మొదలయ్యే పదంకెల మొబైల్ నంబర్లు కూడా ఉన్నాయి. ఆ రూల్ వాళ్లను ఎనిమిదంకెల వాళ్లను చేసేస్తుంది. రూల్‌లో అంకెల సంఖ్య కూడా పెట్టాలి: 91తో మొదలై మొత్తం 12 ఉంటేనే తీయాలి. పది ఉంటే ముట్టుకోకూడదు. అంకెల సంఖ్య గడి ఖాళీగా వదిలేసిన రూల్ నాకు ఎక్కడ కనిపించినా ముందు దాన్నే అనుమానిస్తాను.

రూల్స్ సరిచేసేసరికి మధ్యాహ్నం అయింది. పక్క హోటల్ నుంచి ఉగ్గాని, బజ్జి తెప్పించారు. తిన్నాక అసలు జాబితా తెరిచాను. రూల్స్ కంటే జాబితానే ఎక్కువ పని పెడుతుంది ఎప్పుడూ.

మొదట ఎక్సెల్. వీళ్లు రైతుల వివరాలను ఎక్సెల్ నుంచి కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించారు. ఎక్సెల్ నంబర్‌ను లెక్క అనుకుంటుంది, పేరులాంటిది అనుకోదు. ముందున్న సున్నాను తీసేస్తుంది. 91తో కలిపి పన్నెండంకెలు రాస్తే దాన్ని కుదించి, మధ్యలో చుక్క పెట్టి, చివర ఇ ప్లస్ 11 అని చూపిస్తుంది. కనిపించేది కుదించిన రూపమైనా లోపల అసలు అంకెలు భద్రంగా ఉంటాయి. కానీ అలా కనిపిస్తుండగా, సాదా అక్షరాల ఫైలైన సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఆ కుదించిన రూపమే ఫైల్లోకి పోతుంది. అసలు అంకెలు ఇక తిరిగి రావు. ఈ జాబితాలో ఒక మండలం మొత్తం అలా పోయింది. అదృష్టం కొద్దీ పాత ఎక్సెల్ ఫైలు వాళ్ల అకౌంట్స్ అబ్బాయి దగ్గర ఉంది. ఆ వరుస మొత్తాన్ని టెక్స్ట్‌గా మార్చి మళ్లీ ఎక్కించాం. ఈ ఒక్క మాట అన్ని ఆఫీసుల వాళ్లకూ చెప్పాలనిపిస్తుంది: ఫోన్ నంబర్ల వరుసను టెక్స్ట్ చేశాకే అంకెలు టైప్ చేయండి.

తర్వాత మనుషులు రాసే తీరు. ఒకే గడిలో రెండు నంబర్లు, మధ్యలో అడ్డగీత. ఒకటి రైతుది, రెండోది బెంగళూరులో పనిచేసే కొడుకుది. నంబర్ పక్కనే "అల్లుడు" అని రాసి ఉంటుంది. ఇంకో చోట "సాయంత్రం 6 తర్వాత". ఇంకో చోట నంబర్, దాని పక్కనే పొలం సర్వే నంబర్. బెంగళూరు వాళ్ల రూల్ ఏం చేసిందంటే, గడిలో అంకెలు కానివన్నీ తీసేసి మిగిలినవన్నీ ఒకటిగా అతికించింది. రెండు నంబర్లు కలిసి ఇరవై అంకెలయ్యాయి. సర్వే నంబర్ ఫోన్ నంబర్‌కు తోకైంది. సాయంత్రం ఆరు కూడా డయల్ అయింది.

రాసినవాళ్లది తప్పని నేను అనను. ఫీల్డుకు పోయిన అబ్బాయి ఎండలో నిలబడి, రైతు చెప్పింది చెప్పినట్టు రాసుకొచ్చాడు. అల్లుడి నంబర్ అని రాయబట్టే కదా, రైతు ఫోన్ ఎత్తకపోతే ఎవరికి చేయాలో తెలుస్తోంది. అది విలువైన సమాచారం. దాన్ని చెరిపేయకుండా, మొదటి పదంకెల వరుసను క్లిక్ గడిలోకి, రెండోదాన్ని ఇంకో గడిలోకి, మిగతా మాటలను గమనిక గడిలోకి పంపించే చిన్న స్క్రిప్ట్ రాశాను. ఇకపై ఎలా టైప్ చేసినా లోపల ప్లస్ 91తో దాచుకునేలా సాఫ్ట్‌వేర్ వాళ్లతో మాట్లాడాను. టైప్ చేసేవాళ్లను "ఇలాగే రాయాలి" అని తిట్టడం కంటే అది మేలు.

కంటికి కనిపించని తప్పులు ఇంకో రకం. వాట్సాప్ నుంచో, కాంటాక్ట్స్ నుంచో నంబర్ కాపీ చేసి అతికిస్తే, కొన్నిసార్లు ఎడమ నుంచి కుడికి రాయమని చెప్పే ఒక గుర్తు కూడా వెంట వస్తుంది. తెర మీద ఏమీ కనిపించదు. నంబర్ అచ్చు పక్క నంబర్ లాగే ఉంటుంది, కానీ కాల్ పోదు. దాన్ని పట్టుకోవడానికి నాకు ఒక చిట్కా ఉంది. నంబర్ మొదట్లో కర్సర్ పెట్టి బాణం మీట ఒక్కొక్కటిగా నొక్కండి. ఎక్కడైనా ఒక నొక్కుకు కర్సర్ కదలకపోతే అక్కడ ఏదో దాక్కుంది. అలాగే ఈ జాబితాలో ఒక గ్రామం వాళ్ల నంబర్లన్నీ ౯౪౪౦ అని తెలుగు అంకెల్లో ఉన్నాయి. తెలుగు మీద ప్రేమతో ఎవరో శ్రద్ధగా టైప్ చేశారు. చూడ్డానికి ఎంత బాగున్నాయో. కానీ వెబ్ పేజీల ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్‌లో అంకెలను వెతికే గుర్తు 0 నుంచి 9 వరకున్న ఇంగ్లీషు అంకెలనే చూస్తుంది, తెలుగు అంకెలు దానికి అంకెలే కావు. పైథాన్ 3 అనే ఇంకో భాషలో అదే గుర్తు తెలుగు అంకెలనూ పట్టుకుంటుంది. నేను స్క్రిప్ట్ పైథాన్‌లో రాసినందుకు ఆ పూట సంతోషపడ్డాను. ఆ నంబర్లను మార్చాను గానీ, ఊరి పేర్లు, రైతుల పేర్లు తెలుగులోనే ఉంచమని చెప్పి వచ్చాను.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి.

2016లో ఇంకో ఆఫీసుకు ఫోన్లు పెట్టాను. ఎక్కడో చెప్పను. ఎక్స్‌టెన్షన్ నంబర్లు 101 నుంచి మొదలుపెట్టాను. అప్పట్లో అందరం అలాగే పెట్టేవాళ్లం, లెక్కకు సులువు. మేనేజర్‌కు 101, అకౌంట్స్ 102, అలా పోతూ గోడౌన్‌కు 108 వచ్చింది. నేనే స్టిక్కర్ రాసి అతికించాను. కొన్ని నెలల తర్వాత ఒక మధ్యాహ్నం అక్కడి పెద్ద గుమాస్తా గారు గుండె పట్టుకుని కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయారు. ముందున్న అమ్మాయి వెంటనే టేబుల్ ఫోన్ ఎత్తి 108 కొట్టింది. గోడౌన్‌లో ఫోన్ మోగింది. అక్కడి హమాలీ ఎత్తి "ఏం కావాల" అన్నాడు. ఆమె అంబులెన్స్ వాళ్లే అనుకుని "సార్‌కు గుండెల్లో నొప్పి, తొందరగా రండి" అని అడ్రస్ కూడా చెప్పి పెట్టేసింది. ఆ హమాలీ పరిగెత్తుకుంటూ వచ్చాడు. అతన్ని చూశాక గానీ ఆమెకు అర్థం కాలేదు. తర్వాత ఎవరో సెల్ నుంచి చేశారు, అంబులెన్స్ వచ్చింది, ఆయన బతికారు. ఇప్పటికీ ఉన్నారు. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. ఆ అమ్మాయే "మళ్లీ ఇట్లా కాకుండా చూడండన్నా" అంది.

మన రాష్ట్రంలో 108 సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. పల్లెలో చదువు రాని ముసలమ్మకు కూడా ఆ మూడంకెలు తెలుసు. అలాంటి నంబర్‌ను నేను ఒక గోడౌన్‌కు ఇచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున్నే పోయి ఎక్స్‌టెన్షన్లన్నీ 201 నుంచి మార్చాను. ఆ వారంలోనే నేను అంతకు ముందు పెట్టిన ఆఫీసులన్నిటికీ ఒక్కొక్కటిగా పోయి, డబ్బు అడక్కుండా మార్చి వచ్చాను.

తర్వాత చదివితే తెలిసింది, ఇది మన ఒక్కరి బాధ కాదు. అమెరికాలో టెక్సాస్‌లోని ఒక మోటెల్ గదిలో 2013లో కారీ హంట్ అనే ఆమె మీద దాడి జరిగింది. ఆమె తొమ్మిదేళ్ల కూతురు అక్కడి ఫోన్ నుంచి వాళ్ల ఎమర్జెన్సీ నంబర్ 911కు మళ్లీ మళ్లీ చేసింది. బయటి లైన్‌కు ముందు ఒక 9 కొట్టాలని ఆ పాపకు తెలియదు. కాల్ పోలేదు, తల్లి చనిపోయింది. ఆ తర్వాత 2018లో అక్కడ కారీ పేరుతో చట్టం వచ్చింది. ఇలాంటి ఫోన్ సిస్టమ్స్‌లో ముందు ఏ అంకే కొట్టకుండా 911కు నేరుగా కాల్ పోవాలని. 2020 ఫిబ్రవరి 16 నుంచి అది అమల్లో ఉంది. మనకు చట్టం చెప్పినా చెప్పకపోయినా, ఫోన్ పెట్టేవాడు చేయాల్సిన పని అది.

కాబట్టి ఈ డ్రిప్ ఆఫీసులో కూడా నేను పట్టికలో అన్నిటికంటే పైన రాసిన రూల్ ఇది: ఎమర్జెన్సీ నంబర్లు 100, 101, 108, 112. ఇవి వస్తే ఏమీ తీయకూడదు, ఏమీ చేర్చకూడదు, ఏ టేబుల్ నుంచైనా ఏ లాక్ ఉన్నా బయటికి పంపాలి. 0 కొట్టి 108 కొట్టే పాత అలవాటు ఉన్నవాళ్లు ఉంటారు కనుక 0108ని కూడా 108గానే పంపాలి. తర్వాత 104, 181, 1098, 1930 లాంటి హెల్ప్‌లైన్లు. ఆపైన 1800, 1860 నంబర్లు, వాటికీ సున్నా తగిలించకూడదు. ఆ తర్వాతే పదంకెలు, 0తో పదకొండు, 91తో పన్నెండు, ప్లస్ 91. చివరగా, వీటిలో దేనికీ సరిపోనిది వస్తే కాల్ చేయకుండా "నంబర్ సరిచూడండి" అని స్క్రీన్ మీద చూపించడం. ఏది పడితే అది బయటికి తోసే రూల్‌ను చివర పెట్టే అలవాటు కొందరికి ఉంది. నేను పెట్టను. తప్పు నంబర్ తప్పని అప్పుడే తెలియాలి.

ఆస్టరిస్క్ అనే ఫోన్ సర్వర్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు రెండు మాటలు. ప్యాటర్న్ (నంబర్ల నమూనా) ముందు అండర్‌స్కోర్ మరిచిపోతే అది ప్యాటర్న్ కాదు, ఆ అక్షరాలే నంబర్ అనుకుంటుంది. ఎక్స్ అంటే 0 నుంచి 9, జెడ్ అంటే 1 నుంచి 9, ఎన్ అంటే 2 నుంచి 9. చుక్క అంటే ఆ తర్వాత ఒకటో అంతకంటే ఎక్కువో ఏవైనా. ఆ చుక్కను మొబైల్ రూల్‌లో వాడొద్దు, పదంకెలకూ పది గుర్తులు వేయండి. ఆస్టరిస్క్ ఫైల్లో రూల్స్ ఏ వరుసలో రాశారన్నది కాదు, ఎక్కువ కచ్చితంగా సరిపోయేదాన్నే అది తీసుకుంటుంది. కానీ ఆస్టరిస్క్‌ను తెర మీద నుంచి నడిపించే ఫ్రీపీబీఎక్స్‌లో అవుట్‌బౌండ్ రూట్లు పై నుంచి కిందికి చూస్తుంది, ముందు సరిపోయిన రూట్ పట్టుకుని పోతుంది. రెండింటినీ ఒకేలా అనుకుని తిప్పలు పడ్డవాళ్లను చూశాను.

వచ్చే కాల్స్‌కు కూడా ఇదే పని తిరగేసి చేయాలి. రైతు ఫోన్ చేస్తే నంబర్ 0తో వస్తుంది, మన జాబితాలో ప్లస్ 91తో ఉంటుంది. రెండూ ఒకటేనని సిస్టమ్‌కు తెలియకపోతే పేరు కనిపించదు. చివరి పదంకెలతో పోల్చమని పెట్టాను. పేరు తెర మీద కనిపించాక "చెప్పు నాయనా, మొన్న ఫిల్టర్ మార్చినారు కదా, ఎట్లుంది?" అని ఆ అమ్మాయి మొదలుపెడితే, అవతల రైతు గొంతు ఎంత మెత్తబడుతుందో నేను పక్కన కూర్చుని విన్నాను.

చివర టెస్టింగ్. నా సెల్, మా ఇంటి ల్యాండ్‌లైన్, బెంగళూరులో ఉన్న స్నేహితుడి ఆఫీసు 080 నంబర్, ఒక 1800 నంబర్. ఒక్కో దాన్నీ జాబితాలో కనిపించిన అన్ని రూపాల్లో రాసి, ఒక్కో రూపం మీదా నొక్కి చూశాం. 108కి మాత్రం ఊరికే కాల్ చేయకూడదు, అక్కడ ఎవరి ప్రాణమో లైన్లో ఉంటుంది. ఆస్టరిస్క్‌లో డయల్‌ప్లాన్ షో అనే కమాండ్‌కు ఆ నంబర్ ఇస్తే కాల్ చేయకుండానే ఏ రూల్‌కు సరిపోతుందో చూపిస్తుంది. అలా చూసి, ముందు టేబుల్ దగ్గర గోడకు పెద్ద అక్షరాలతో కాగితం అతికించాను: ఏమీ కలపకుండా నేరుగా 108 కొట్టండి.

మిగిలిపోయింది ఒకటే. జాబితాలో ఆరంకెల ల్యాండ్‌లైన్లు కొన్ని ఉన్నాయి, ఎస్‌టీడీ కోడ్ లేకుండా. అనంతపురమైతే 08554, హిందూపురం 08556, ధర్మవరం 08559, గుంతకల్లు 08552. అన్నిటికీ అనంతపురం కోడ్ చేర్చే రూల్ పెట్టమని వాళ్ల మేనేజర్ అడిగారు. నేను ఒప్పుకోలేదు. హిందూపురం నంబర్‌కు అనంతపురం కోడ్ పెడితే ఫోన్ పోతుంది, కానీ ఎవరింటికో పోతుంది. పోకపోవడం కంటే అది చెడ్డది. ఊరి పేరు ఉన్నవాటికి కోడ్ చేర్చి, లేనివి ఒక కాగితం మీద ప్రింట్ తీసి ఆ అమ్మాయికి ఇచ్చాను. ఆమె ఆ కాగితాన్ని చిత్తు పుస్తకంలో పెట్టుకుని, అప్పుడే ఒక నంబర్ పక్కన "ఈయన ధర్మవరం, చీరల షాపు పక్కన" అని రాసింది. మిగతావి విచారించి పెడతానంది. శుక్రవారం మళ్లీ పోవాలి.